ఆకుల కింద రాయి

ఎనభై రోజులుగా సదాశివరావు గారి నోట్లో ఉన్నది ఒక్కటే మాట. పోనీ అది పెళ్ళాం పేరా అంటే కాదు. కూతురి పేరూ కాదు. కష్టమొస్తే అందరూ తలుచుకునే దేవుడి పేరు అసలే కాదు. "రాయి." అంతే. పొద్దున్న కళ్ళు తెరిస్తే రాయి. ఇడ్లీ ముక్క నోట్లో పెడితే దాన్ని మింగేసి రాయి. పక్కకి తిప్పి పడుకోబెడుతుంటే రాయి. దుప్పటి కప్పితే దుప్పట్లోంచి కూడా రాయి.

ఆగస్టు నెలాఖరులో ఒక బుధవారం ఆయన మెదడులో ఎక్కడో ఓ నరం మూసుకుపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రిలో పదకొండో రోజున ఈ ఒక్క మాటా తిరిగొచ్చింది. పెద్ద డాక్టరు సంతోషించి, అంతలోనే ఆ సంతోషం తగ్గించుకుని, "ఇలాంటివాళ్ళకి ఒక్కోసారి ఒకే మాట మిగులుతుంది. దానికి అర్థం ఉండాలని లేదు. అరిగిపోయిన రికార్డు అనుకోండి," అని ఇంగ్లీషులో చెప్పాడు. కూతురు శ్రుతి ఆ సంగతి ఒప్పేసుకుంది. లక్ష్మీకుమారి ఒప్పుకోలేదు. ముప్పై మూడేళ్ళు కాపురం చేసిన మనిషి సంగతి ఆవిడకి తెలియదా? ఒంట్లో బాగున్న రోజుల్లోనే ఆయన పొద్దుట్నుంచి రాత్రిదాకా పది మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటివాడు మిగిలిన ఒక్కటీ ఇన్నిసార్లు వాడుతున్నాడంటే ఏదో అడుగుతున్నాడన్న మాటే. అదేమిటో తెలుసుకుని ఆయన చేతిలో పెట్టాలి. ఆవిడకి ఇంకే కోరికా లేదు, ఒక పూట కంటినిండా పడుకోవాలన్నది తప్ప.

ఇక్కడొక సంగతి చెప్పాలి. లక్ష్మీకుమారి ఢిల్లీలో తెలుగు పిల్లలు చదివే ఒక స్కూల్లో తెలుగు టీచరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడ "రాయి" అని ఎన్ని వేలసార్లు అనుంటుందో ఆ బ్రహ్మదేవుడికే తెలియాలి. గుండ్రంగా రాయి. తలకట్టు సరిగ్గా రాయి. ఇంటికెళ్ళి పదిసార్లు రాయి. ఇంట్లో హిందీ, ఆటలో హిందీ, కలలో కూడా హిందీ అయిన పిల్లల చేత తెలుగు రాయించడానికే తను ఈ ఊరొచ్చానని ఆవిడ నమ్మకం. కాబట్టి మొగుడు రాయి అంటే ఆవిడకి వినిపించింది ఒక్కటే. రాయమంటున్నాడు.

నోటు పుస్తకం తెచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "చెప్పండి, ఏం రాయను?"

"రాయి."

"అదేనండీ, ఏం రాయమంటారు? తెనాల్లో మీ తమ్ముడికి ఉత్తరమా?"

తల అడ్డంగా ఊగింది. మీ పాత ఆఫీసుకా? కాదు. శ్రుతికి ఏమైనా చెప్పాలా? కాదు. పలక మీద అ నుంచి ఱ దాకా రాసి, ఎడమ చేత్తో వేలు పెట్టి చూపించమంది. ఆయన పలకని పక్కకి తోసేశారు. ఒక్కోసారి ఎడమ చెయ్యి తల మీదుగా వెనక్కి ఊపేవారు. మంచం తల దగ్గర, ఆయన వెనక, ఆయన పాత రాతబల్ల ఉంది. దాని మీద ఇప్పుడు మందులు, డైపర్ల ప్యాకెట్లు, పాలపొడి డబ్బాలు గుట్టగా పేరుకున్నాయి. మందు అడుగుతున్నాడేమోనని ఆవిడ లేచి దగ్గుమందు పట్టేది. ఆయన కళ్ళు మూసుకుని తాగేవారు. తాగి, మూతి తుడిచాక, "రాయి" అనేవారు.

పక్క బ్లాకు హనుమాయమ్మ గారు ఒకరోజు పరామర్శకి వచ్చింది. కాఫీ తాగేలోపు నాలుగుసార్లు ఆ మాట విని తేల్చేసింది. "ఇంకేవుంది లక్ష్మీ, రామకోటి రాయమంటన్నాడు. ఆ పైనున్నాయనే పలికిస్తన్నాడు." సదాశివరావు గారు జన్మలో గుడి మెట్టెక్కిన మనిషి కాదు. అయినా పోయేదేముందని లక్ష్మీకుమారి రామకోటి పుస్తకం తెప్పించింది. మంచం పక్కనే కూర్చుని పదకొండు వేలసార్లు శ్రీరామ రాసింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆయన పుస్తకం వంక చూసి, ఆవిడ వంక చూసి, మొద్దు పిల్లాడికి మళ్ళీ మొదటినుంచి చెప్పే మాస్టారిలా ఎంతో ఓపిగ్గా "రాయి" అన్నారు. ఆ ఓపిక చూసి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి. ఆయన డెబ్బై ఎనిమిది కిలోల మనిషి. పుళ్ళు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఏజెన్సీ వాళ్ళు పంపిన అటెండెంట్లు ముగ్గురూ మూడు కారణాలు చెప్పి మానేశారు. మూడో ఆవిడ చెప్పిన కారణం ఈ మాటే. "దీదీ, బాబూజీ నన్ను తిడుతున్నారు," అని హిందీలో ఏడ్చి వెళ్ళిపోయింది. లక్ష్మీకుమారి నడుము ఒక బెల్టు మీద నిలబడి ఉంది. అద్దంలో మొహం చూసుకుని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు.

నవంబరు వచ్చేసరికి ఢిల్లీ గాలి ఎప్పటిలాగే మనుషులు పీల్చడానికి పనికిరాకుండా పోయింది. స్కూళ్ళు మూసేసి క్లాసులు ఆన్‌లైన్‌లో చెప్పమన్నారు. ఊరంతా దగ్గుతూ తిట్టుకుంది. లక్ష్మీకుమారి ఒక్కతే ఆ పొగకి దణ్ణం పెట్టుకుంది. ఉన్న సెలవులన్నీ అక్టోబరుతోనే అయిపోయాయి కదా. హాల్లో ఆయన మంచం పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని పాఠం చెప్పేది.

"వాసవీ, పద్యం రెండో పాదం రాయి."

"రాయి," అన్నారు మంచం మీంచి ఆయన.

లాప్‌టాప్‌లో ముప్పై నాలుగు మొహాలు కిసుక్కున నవ్వాయి. "మేమ్, అంకుల్ కూడా హోంవర్క్ ఇస్తున్నారు," అంది వాసవి. లక్ష్మీకుమారి కూడా నవ్వింది. నవ్వాక, మైకు ఆపుకుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం స్కూలు గ్రూపులో మెసేజి పడింది. గాలి కాస్త మెరుగైందట. సోమవారం నుంచి టీచర్లంతా బడికి రావాలట. పది నిమిషాలకే గురుగ్రామ్ నుంచి శ్రుతి ఫోను. ఆ పిల్లకి తెలుగు ముక్క ముక్కా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఎప్పుడూ తెలుగులో రాదు.

"మా, సెంటర్ వాలోం సే బాత్ హో గయీ, కన్ఫర్మ్‌డ్. మండే సుబహ్ నౌ బజే వ్యాన్ ఆయేగీ."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి బండి వస్తుందన్న మాట. సెంటరంటే గురుగ్రామ్‌లో ఇలాంటి రోగుల్ని ఉంచుకుని చూసే చోటు. నడిపించడం, మాట్లాడించడం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఆరు నెలలో, ఏడాదో. శ్రుతి ఆఫీసుకి దగ్గర కాబట్టి రోజూ వెళ్ళి చూస్తానంది. పిల్ల తప్పేమీ మాట్లాడలేదు. నెల రోజులుగా తల్లీ కూతుళ్ళు దీని గురించే గుసగుసలాడుకుంటున్నారు. ఆయనకి మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

"నాన్నకి నువ్వు చెప్తావా?" అంది లక్ష్మీకుమారి.

"ఆప్ బోలో నా, మా. పాపా ఆప్‌కీ బాత్ సమఝ్‌తే హైం."

అవును, ఆయన ఈవిడ మాట అర్థం చేసుకుంటారు. ఈవిడకే ఆయన మాట అర్థం కావడం లేదు. ఫోను పెట్టేసి ఆవిడ వంటింటి గట్టుకి ఆనుకుంది. ఎనభై రోజులుగా మనిషి ఏదో ఒక్కటి అడుగుతున్నాడు. అదేమిటో తెలుసుకోకుండా, ఇవ్వకుండా, పరుపు చుట్టినట్టు చుట్టి బండెక్కించేయడమేనా? పంపక తప్పదు. తన ఒళ్ళు తనకి తెలుస్తోంది, ఇంకో నెల ఇలాగే సాగితే రెండో మంచం వేయాలి. కానీ ఆ ఒక్కటీ ఇవ్వకుండా పంపితే మాత్రం తర్వాత ఎంత పరుపు మీద పడుకున్నా నిద్ర పట్టదు. చేతిలో ఉన్నది శని, ఆదివారాలు.

శనివారం పొద్దున ఇషిత వచ్చింది. మాటలు నేర్పే పిల్ల. వారానికి రెండుసార్లు వచ్చి, బొమ్మల అట్టలు చూపించి ఆయన చేత పలికించడానికి తంటాలు పడుతుంటుంది. లక్నో పిల్ల, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ రోజు మొహం వెలిగిపోతూ వచ్చింది.

"ఆంటీ, నాకు తెలిసిపోయింది," అంది హిందీలో. సంచీలోంచి ఒక కొత్త అట్ట తీసింది. దాని మీద గిన్నెడు ఆవాలు. "రాయీ!"

హిందీలో రాయీ అంటే ఆవాలు. పాపం ఆ పిల్ల రెండున్నర నెలలుగా ఆయన తాలింపు గురించి మాట్లాడుతున్నాడనుకుంటోంది. ఆవాల బొమ్మ ఆయన మొహం ముందు పెట్టి, "అంకుల్, రాయీ? ఇదేనా కావాలి?" అంది. సదాశివరావు గారు ఆ గిన్నె వంక చూశారు. తర్వాత మెల్లిగా కళ్ళు మూసుకున్నారు. ఇంటర్ ఫెయిలయిన కొడుకు మార్కుల జాబితా చూసినవాళ్ళు అలాగే మూసుకుంటారు.

"కాదమ్మా," అంది లక్ష్మీకుమారి టీ కప్పు అందిస్తూ. "మా భాషలో అది ఆవాలు కాదు. రాయి మానే లిఖో."

"అచ్ఛా, లిఖో." ఆ పిల్ల శ్రద్ధగా కాగితం మీద రాసుకుంది. చదువుకున్న పిల్ల, పద్ధతిగా అడిగింది. "ఇంకేమైనా అర్థం ఉందా, ఆంటీ?"

"ఇంకేముంటుంది, పత్థర్," అనేసి, చక్కెర డబ్బా మూత పెట్టబోయి ఆగిపోయింది.

ఇరవై తొమ్మిదేళ్ళు నానార్థాలు నేర్పిన మనిషి. పరీక్షలో పిల్లలు ఒక అర్థం రాసి ఊరుకుంటే సగం మార్కు కోసిన మనిషి. హిందీలో చెప్తేగానీ తన భాషలో మాట తనకి వినపడలేదు. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి. డబ్బా అక్కడే వదిలేసి మంచం దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ. రాయా? బండరాయి, గులకరాయి, ఆ రాయా మీరడిగేది?"

ఆయన కళ్ళు తెరిచారు. తల నిలువుగా ఊగింది. ఒకసారి కాదు, ఆగకుండా. ఎడమ కంట్లోంచి నీళ్ళు జారి చెవిలోకి పోయాయి.

ఏ రాయి అన్నది మాత్రం ఇంకా తేలలేదు. లక్ష్మీకుమారి వంటింట్లోంచి అల్లం దంచే పొత్రం తెచ్చింది. కాదు. ఇషిత చెప్పుల్లేకుండా కింద పార్కులోకి పరుగెత్తి రెండు రాళ్ళు ఏరుకొచ్చింది. ఆయన వాటిని చూసిన చూపుకి ఆ పిల్ల గబగబా వాటిని బాల్కనీలో పెట్టేసింది. అప్పుడు ఇద్దరి కళ్ళూ ఒకేసారి గోడ మీద బొమ్మ మీద పడ్డాయి.

అది చైనా బొమ్మ. సదాశివరావు గారు గవర్నమెంటు ఆఫీసులో చైనా భాష తర్జుమా చేసేవారు. పెళ్ళైన కొత్తల్లో ఉద్యోగం మీద రెండేళ్ళు బీజింగ్‌లో ఉన్నప్పుడు, పక్క వాటాలో ఉన్న ముసలి డ్రాయింగు మాస్టారు దగ్గర సిరాతో బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. వచ్చేటప్పుడు ఆ మాస్టారు తను వేసింది ఒకటి ఇచ్చాడు. పాతకాలం చైనా బొమ్మల్లా మబ్బులు, కొండలు, పడవలు ఏమీ లేవందులో. కింద ఓ మూల నల్లగా, గరుగ్గా, చీపురుతో ఊడ్చినట్టు ఒక రాయి. దాని పగుల్లోంచి విసిరేసినట్టు నాలుగు సన్నటి ఆకులు. మిగతా కాగితమంతా ఖాళీ. మొదటిసారి చూసినప్పుడు లక్ష్మీకుమారి, "ఇంత కాగితం వేస్టు చేశాడేమిటండీ," అంది. ఆయన ఆ తర్వాత బొమ్మల గురించి ఆవిడతో మాట్లాడటం తగ్గించేశారు. ఆదివారాలు ఆయన బల్ల ముందు, ఆవిడ దిద్దాల్సిన కాపీల ముందు. అలా ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి.

బొమ్మని గోడ మీంచి దించి ఒళ్ళో పెడితే ఆయన కాదని, అవునని రెండు విధాలా తలూపారు. ఎడమ చేత్తో దాన్ని పక్కకి నెట్టి, ఎప్పట్లాగే చెయ్యి తల మీదుగా వెనక్కి ఊపారు. లక్ష్మీకుమారి ఈసారి మందు తియ్యలేదు. మందుల వెనకేముందో చూసింది.

ఇద్దరూ కలిసి బల్ల ఖాళీ చేశారు. డైపర్లు, డబ్బాలు, సీసాలు, పాత పేపర్లు. అన్నింటి అడుగునా నల్ల కంబళి గుడ్డ. దాని మీద పల్చటి తెల్ల కాగితం. ఆ బుధవారం పొద్దున ఆయన వేస్తూ వేస్తూ లేచి, రెండడుగులు వేసి పడిపోయింది ఇదే బొమ్మ దగ్గర్నుంచి. ఆస్పత్రి నుంచి వచ్చిన కంగారులో ఆవిడ చూసుకోకుండా దాని మీదే సామాను పేర్చేసింది. మూలన దగ్గుమందు సీసా అడుగు గుండ్రంగా, గోధుమ రంగులో అంటుకుపోయి ఉంది. కాగితం మధ్యలో పదకొండు ఆకులు. గాలికి పక్కకి వంగినట్టు, చివర్లు వెంట్రుకంత సన్నగా. అన్నీ కిందికొచ్చి ఒకచోట కలుస్తున్నాయి. కలిసిన చోట ఏమీ లేదు. మూడు నెలలుగా ఆ ఆకులు దేన్నీ పట్టుకోకుండా గాల్లో వేలాడుతున్నాయి.

"ఆకులు ముందు, రాయి తర్వాత. మా మాస్టారి పద్ధతి," అని ఆయన ఎప్పుడో అన్నది ఆవిడకి గుర్తొచ్చింది. దాంతోపాటు ఇంకో గొడవా గుర్తొచ్చింది. చైనావాళ్ళు ఇలాంటి బొమ్మని గీయడం అనరు, రాయడం అంటారని ఆయన చెప్పారు. వెదురు రాస్తారు, గడ్డి రాస్తారు, రాయి రాస్తారు. "బొమ్మ గీస్తారు, అక్షరం రాస్తారు. తెలుగు పాడుచెయ్యకండి," అని ఈవిడ ఎర్ర సిరా కలంతోనే మందలించింది.

ఇషిత ఇంకో రోగి దగ్గరికి వెళ్ళాల్సిన వేళయింది. "ఆంటీ, సోమవారంలోపు ఎలాగైనా వేయించండి," అని చెప్పి వెళ్ళిపోయింది. లక్ష్మీకుమారి ఆయన్ని దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. బొమ్మని అట్ట మీద పెట్టి ఆయన ముందుంచింది. సిరా కడ్డీని నల్లటి రాతి పలక మీద నీళ్ళు పోసి, గంధం తీసినట్టు అరగదీసింది. కుంచె ముంచి ఎడమ చేతిలో పెట్టింది.

ఆయన ఆ కుంచెని ఆవిడ వైపు తిప్పి ఇచ్చేశారు. "రాయి."

"నేనా?" నోరెళ్ళబెట్టింది ఆవిడ. "నాకేం వచ్చండీ? మీ ఎడమ చెయ్యుందిగా."

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. బొమ్మలో ఖాళీ చోటు మీద వేలు పెట్టి, ఆవిడ మొహం చూసి, "రాయి" అన్నారు. ఇప్పుడా మాటలో రెండు అర్థాలూ ఉన్నాయి. నువ్వు రాయి, రాయిని రాయి. ఎనభై రోజులుగా అడుగుతున్నది ఇదన్నమాట. ఇంత చిన్నదా అనిపించింది ఆవిడకి. హమ్మయ్య, పావుగంటలో ఇచ్చేస్తాను అనుకుంది.

ముందు వేరే కాగితం మీద ప్రయత్నించింది. చక్కగా, గుండ్రంగా, వంకర లేకుండా గీత గీసి లోపల నలుపు నింపింది. మైసూరు బోండాలా వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపారు. రెండోది ఇడ్లీ. మూడోది గోడ బొమ్మలో రాయి చూసి దింపబోతే ఎలక పిల్లలా తయారైంది. ప్రతిదానికీ అదే తల, అదే "రాయి." పావుగంట అయింది, గంట అయింది. పొద్దున్న తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఆయనకి జావ పట్టి, పక్కకి తిప్పి, మళ్ళీ కూర్చోబెట్టింది. నడుము కింద నరం ఒకటి తీగలా లాగుతోంది. ఎనిమిది కాగితాలయ్యాయి. తొమ్మిదోది, తన కంటికి బాగానే ఉందనిపించింది. ఆశగా చూపించింది. ఆయన ఎడమ చేత్తో దాన్ని మంచం కిందికి తోసేసి, "రాయి" అన్నారు.

అంతే, లక్ష్మీకుమారికి ఎక్కడో తెగిపోయింది.

"నా వల్ల కాదండీ." గొంతు పెద్దది కూడా కాలేదు, అంత ఓపిక లేదు. "నా వల్ల కావడం లేదు. మీరు ఏమడిగినా చేశాను. ఉత్తరాలు రాస్తానన్నాను, రామకోటి రాశాను, రాయేదో తెలియక రాళ్ళు మోయించాను. నేను కూచుని తిని ఎన్నాళ్ళయిందో మీకు తెలుసా? మంచం మీద నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఎలా తెలుస్తుందిలెండి, మీ వెనక నేనెలా ఉన్నానో మీరు తిరిగి చూడలేరు." కుంచె పిడికిట్లో ఉంది, సుద్దముక్క పట్టుకున్నట్టు. సిరా దాదాపు ఆరిపోయింది. ఆవిడ అసలు బొమ్మని ముందుకి లాక్కుంది. "రాయి కావాలా? ఇదిగో రాయి." కుంచెని అడ్డంగా పడేసి కిందికి ఈడ్చింది. వెంట్రుకలు చీలి గరగరమన్నాయి. "సోమవారం బండొస్తుంది. తొమ్మిదింటికి. మిమ్మల్ని గురుగ్రామ్ పంపేస్తున్నాం. నెల రోజులుగా మీకు చెప్పకుండా దాస్తున్నాం." ఇంకో ఈడ్పు. "పంపాలని నాకు లేదు. పంపకపోతే నేను బతకను. అంతే, ఇంకేం లేదు. నాకు చాతకావడం లేదు." మళ్ళీ ఈడ్చింది, ఈసారి పైకి, ఆకుల మొదలు దాకా. కన్నీళ్ళకి ఏమీ కనపడటం లేదు. ఇంకోటి వేయడానికి చెయ్యెత్తబోయింది.

ఆ చెయ్యి పైకి లేవలేదు. మణికట్టుని ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఉంది.

"చాలు," అన్నారు సదాశివరావు గారు.

బొంగురుగా, సగం గాలితో వచ్చిందా మాట. ఆవిడ ముందు తను సరిగ్గా వినలేదనుకుంది. కళ్ళు తుడుచుకుని బొమ్మ వంక చూసింది. గొప్ప రాయేమీ కాదది. చైనా మాస్టారు చూస్తే ఏమనేవాడో. ఒక పక్క ఎక్కువ నలుపు, ఇంకో పక్క ఉట్టి గీరలు, వాటి సందుల్లో తెల్ల కాగితం. అయినా అది రాయే. పదకొండు ఆకులూ దాన్ని పట్టుకుని నిలబడ్డాయి.

"రాయి సరిపోయిందాండీ?" అంది.

ఆయన బొమ్మ వంక చూడటం లేదు. ఆవిడ మొహం వంకే చూస్తున్నారు. సిరా మరకలు, బెల్టు మీదికి జారిపోయిన పైట, నూనె లేక చింపిరైపోయిన జుట్టు, ఒక్కొక్కటే చూస్తున్నారు. మణికట్టు వదల్లేదు.

"చాలు," అన్నారు మళ్ళీ. ఇంకోసారి, మెత్తగా. "చాలు."

ముప్పై మూడేళ్ళలో ఆ మాట ఆవిడతో ఎవరూ అనలేదు. అత్తగారు అనలేదు, హెడ్మిస్ట్రెస్ అనలేదు, కన్నకూతురు కూడా అనలేదు. ఆవిడకి ఆవిడ అనుకోలేదు. ఆయన మోచేతి మీద తల పెట్టుకుని లక్ష్మీకుమారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆవిడ పిడికిట్లోంచి కుంచె విడిపించి, ఎడమ చేత్తోనే తంటాలు పడి, పక్కన పెట్టారు. తర్వాత ఆవిడ సోఫాలో అలా ఒరిగింది. చేతులు కడుక్కోలేదు, తలుపు గడియ కూడా వేయలేదు. లేచేసరికి పార్కులో దీపాలు వెలిగాయి. నాలుగు గంటలు ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పిలవలేదు.

సోమవారం బండి చెప్పిన టైముకే వచ్చింది. శ్రుతి ముందే వచ్చి బట్టలు సర్దింది. లక్ష్మీకుమారి స్కూలు చీర కట్టుకుని, జడ వేసుకుని, గుమ్మంలో నిలబడింది. తెల్లవారుజాము నుంచి ఆయనకి చెప్పాల్సినవన్నీ మనసులో కూడబలుక్కుంటోంది. ఇద్దరు మనుషులు చక్రాల స్ట్రెచరు లోపలికి తోసుకొచ్చి, ఈయన్ని ఎటువైపు నుంచి ఎత్తాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ళు అడక్కముందే సదాశివరావు గారు, ఎత్తమన్నట్టు, వాళ్ళ వైపు ఎడమ చెయ్యి చాపారు.